క్రిమి లేని చీము: అరుదైన చర్మవ్యాధుల్లో రోగనిరోధక వ్యవస్థ ఏం చేస్తుంది?

చర్మం మీద చీము కనబడితే ఎవరికైనా ముందు తోచేది ఇన్ఫెక్షనే. డాక్టర్‌కూ అంతే. చాలాసార్లు ఆ అనుమానమే నిజమవుతుంది, యాంటీబయాటిక్ వాడితే తగ్గిపోతుంది కూడా. కొన్ని జబ్బుల్లో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది.

జనరలైజ్డ్ పస్ట్యులర్ సోరియాసిస్ అని ఒకటుంది. పొట్టిగా జీపీపీ అంటారు. ఇది విరుచుకుపడినప్పుడు ముందు ఒళ్లంతా ఎర్రబారి మండుతుంది, ముట్టుకుంటే నొప్పి. చలితో జ్వరం. కొన్ని గంటలు గడిచేసరికి ఆ ఎర్రటి చర్మం మీద గుండుసూది తలంత చీముపొక్కులు వందలకొద్దీ లేస్తాయి. పక్కపక్కనున్నవి ఒకదాంతో ఒకటి కలిసిపోయి పెద్ద చీముపొక్కులవుతాయి. అవి ఎండి పొట్టు రాలుతుండగానే కింద కొత్త వరస మొదలవుతుంది. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పెరిగి ఉంటాయి, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ అనే ప్రొటీన్ కూడా ఎక్కువే. ఇవన్నీ చూస్తే తీవ్రమైన ఇన్ఫెక్షన్ అనే ఎవరైనా అంటారు. అయితే ఆ పొక్కులోంచి చీము తీసి కల్చర్‌కు పంపితే ఏమీ పెరగదు. అదే చీమును మైక్రోస్కోప్‌లో చూస్తే క్రిములు కనబడవు, న్యూట్రోఫిల్స్ మాత్రం కిక్కిరిసి ఉంటాయి. ఇవి బ్యాక్టీరియాను చంపడానికి వచ్చే తెల్లకణాలు. చంపాల్సింది ఏదీ లేకుండానే వచ్చి చేరాయి.

లియో ఫాన్ జుంబుష్ అనే చర్మవైద్యుడు 1910లో ఈ జబ్బును వర్ణించాడు. ఆ కణాలను అక్కడికి ఎవరు పిలుస్తున్నారో తెలియడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఇలాంటి జబ్బుల గురించి మాట్లాడేటప్పుడు రెండు మాటలు తరచు వినబడతాయి. "ఇమ్యూనిటీ తగ్గిపోయింది, అందుకే ఇలా" అన్నది ఒకటి. "ఇమ్యూనిటీ ఎక్కువై సొంత ఒంటి మీదే తిరగబడింది" అన్నది రెండోది. మొదటిది దాదాపు ఎప్పుడూ తప్పే. రెండోది సగం నిజం, కానీ ఆ సగంతో పేషెంట్‌కు ఒరిగేది పెద్దగా లేదు. రోగనిరోధక వ్యవస్థలో రకరకాల కణాలు, వాటి మధ్య సందేశాలు మోసే ప్రొటీన్లు లెక్కలేనన్ని ఉంటాయి. అంతటికీ కలిపి ఎక్కువ, తక్కువ అని ఒక్క కొలత చెప్పడం కుదరదు. ఈ అరుదైన జబ్బుల్లో చాలావాటిలో దారి తప్పేది ఒకటో రెండో సందేశాలు, లేదా ఒకే రకం కణం. ఏది దారి తప్పిందో తెలిస్తే సరైన మందు వెతుక్కోవచ్చు. తెలియకపోతే అన్నింటినీ కలిపి అణిచే స్టెరాయిడే దిక్కు.

చర్మం ఒట్టి తొడుగు కాదు

చర్మం బయటివాటిని ఆపే తొడుగు, లోపల రక్తంలో తెల్లకణాలు కాపలా కాస్తాయి అని స్కూల్లో చదువుకున్నాం. అసలు సంగతి ఇంకాస్త గజిబిజిగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల చర్మంలో టీ కణాలనే తెల్లకణాలు సుమారు 2,000 కోట్లు ఉంటాయని 2006లో ఒక అంచనా వచ్చింది. రక్తంలో తిరిగేవాటికి అది దాదాపు రెట్టింపు. పైగా చర్మం పైపొరను కట్టే మామూలు కణాలు, కెరాటినోసైట్లు, చేతులు ముడుచుకుని కూర్చోవు. గీరుకున్నా, కాలినా, క్రిమి తగిలినా మొదటి కేక వేసేది అవే. ఆ కేకలకు ఇంటర్‌ల్యూకిన్లని పేరు, ఐఎల్ అని నంబర్లు వేసి పిలుస్తారు.

ఈ వ్యవస్థలో రెండు వరసలున్నాయి. పుట్టుకతో వచ్చే వరస నిమిషాల్లో, గంటల్లో స్పందిస్తుంది. ఎవరొచ్చారన్నది దానికి అనవసరం, ఏదో తేడాగా ఉందంటే చాలు. న్యూట్రోఫిల్స్ ఈ వరసలోవే. రెండోది నేర్చుకునే వరస: బీ కణాలు, టీ కణాలు, యాంటీబాడీలు. ఇది ఒక్కో శత్రువును విడిగా గుర్తుపట్టి ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటుంది. మొదటి వరస తప్పు చేస్తే అకారణంగా జ్వరం, చీము, ఎరుపు వస్తాయి. రెండో వరస తప్పు చేస్తే ఒంట్లోని ఫలానా ప్రొటీన్ మీద గురిపెట్టిన దాడి జరుగుతుంది. ఈ విభజన అన్ని జబ్బులకూ గీత గీసినట్టు సరిపోదు, చాలావాటిలో రెండూ కలిసే ఉంటాయి. అయినా పేషెంట్ ఎదురుగా ఉన్నప్పుడు ఏ వరసది పైచేయి అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం పనికొస్తుంది.

పోటీకి రావాల్సిన ప్రొటీన్ రాకపోతే

జీపీపీ సంగతికే వద్దాం. కెరాటినోసైట్లు వేసే కేకల్లో ఐఎల్-36 ఒకటి. అది పక్క కణం మీదున్న, సందేశం అందుకునే రిసెప్టర్‌కు అతుక్కుంటే, ఆ కణం న్యూట్రోఫిల్స్‌ను రమ్మనే రసాయనాలు వదులుతుంది. ఇది హద్దు దాటకుండా చర్మం మరో ప్రొటీన్ కూడా తయారుచేస్తుంది. అది అదే రిసెప్టర్‌లో కూర్చుంటుంది, కానీ సందేశం పంపదు. వెళ్లకూడని తాళంచెవి వెళ్లకుండా ముందే తాళంలో ఇరికించిన డమ్మీ చెవి లాంటిది.

ఈ డమ్మీని తయారుచేసే జన్యువు పేరు ఐఎల్36ఆర్‌ఎన్. జీపీపీ ఉన్న కొందరిలో ఇదే దెబ్బతిని ఉందని 2011లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. వాటిలో ఒకటి ట్యునీషియా కుటుంబాలను పరిశీలించింది. పోటీ లేకపోవడంతో ఐఎల్-36కు అడ్డు లేకుండా పోతుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కణం వదిలిన ఐఎల్-36 వెంటనే పూర్తి బలంతో పనిచేయదు, దాని కొసను ఒక ఎంజైమ్ కత్తిరించాలి. ఆ పని చేసే ఎంజైములు న్యూట్రోఫిల్స్ దగ్గర దండిగా ఉంటాయి. ఐఎల్-36 వల్ల న్యూట్రోఫిల్స్ వస్తాయి, అవొచ్చి ఐఎల్-36 బలాన్ని ఇంకా పెంచుతాయి, దాంతో మరిన్ని న్యూట్రోఫిల్స్ వస్తాయి. గంటల్లోనే ఒళ్లంతా చీము ఎలా పాకుతుందో ఈ వలయం చూస్తే అర్థమవుతుంది.

పేషెంట్లందరిలోనూ ఈ జన్యులోపం, అంటే మ్యుటేషన్, ఉండదు. ఉన్నవాళ్లు కూడా ఏళ్ల తరబడి మామూలుగానే ఉండి ఏదో ఒక ఇన్ఫెక్షన్ తర్వాతో, గర్భంతో ఉన్నప్పుడో, స్టెరాయిడ్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేసినప్పుడో పడిపోతారు. ఈ చివరిది గట్టిగా చెప్పుకోవాల్సిన విషయం. మామూలు సోరియాసిస్‌కు స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటే నాలుగు రోజుల్లో చర్మం బాగుపడినట్టే కనిపిస్తుంది, ఆపగానే మొదటికన్నా అన్యాయంగా తిరగబడొచ్చు. అందుకే స్కిన్ స్పెషలిస్టులు సోరియాసిస్‌లో ఆ మాత్రలంటే వెనకాడతారు.

వలయం తెలిశాక దాన్ని తెంపే మందు వచ్చింది. ఐఎల్-36 రిసెప్టర్‌ను మూసేసే స్పెసోలిమాబ్ అనే ఇంజెక్షన్‌ను 53 మంది మీద పరీక్షించారు. వారం తిరిగేసరికి మందు తీసుకున్నవాళ్లలో 54 శాతం మందికి కంటికి కనిపించే చీముపొక్కులు లేవు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అలాంటివాళ్లు 6 శాతమే. 2022 సెప్టెంబర్‌లో అమెరికాలో దీనికి అనుమతి దొరికింది. ఐఎల్36ఆర్‌ఎన్ మ్యుటేషన్ లేనివాళ్లలోనూ మందు పనిచేసింది. జన్యువు బాగున్నా, దారి తప్పింది అదే సందేశమని దాన్నిబట్టి అర్థమవుతుంది.

ఇదే కుదురులో ఇంకొన్ని

ఇలా ప్రత్యేకంగా ఎవరి మీదా గురిలేకుండా మొదటి వరస రెచ్చిపోయే జబ్బులను విడిగా చూడాలన్న ఆలోచన, వాటికి ఆటోఇన్‌ఫ్లమేటరీ అన్న పేరు 1999లో వచ్చాయి. డాన్ కాస్ట్నర్, మైకేల్ మెక్‌డెర్మాట్‌ల బృందం దానికి కారకులు. క్యాప్స్ అనే జబ్బుల గుంపులో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే జన్యువు చెడి ఐఎల్-1 ఊరకే ఊరుతుంటుంది. దానిలో ఒక రకం వాళ్లకు చల్లగాలి తగిలితే చాలు దద్దుర్లు, జ్వరం, కీళ్లనొప్పులు. డైరా అనేది ఇంకా అరుదు. పుట్టిన కొద్దివారాల్లోనే పసిబిడ్డకు చీముపొక్కులు, ఎముకల్లో వాపు మొదలవుతాయి. చూసినవాళ్లు రక్తానికి, ఎముకకు క్రిమి పట్టిందనుకుంటారు. నిజానికి ఐఎల్-1ను అదుపులో పెట్టే ప్రొటీనే ఆ బిడ్డలో తయారు కావడం లేదని 2009లో తేలింది. ఆ ప్రొటీన్‌కు ఫ్యాక్టరీలో తయారైన నకలు అనకిన్రా పేరుతో అప్పటికే కీళ్లవాతానికి వాడుకలో ఉంది. లేనిదాన్ని ఇచ్చారు, పిల్లలు చకచకా కోలుకున్నారు. జబ్బు కారణానికీ మందుకూ ఇంత నేరుగా ముడిపడే సందర్భాలు వైద్యంలో తక్కువే.

వెక్సాస్ అనే జబ్బు కథ వేరు. ఇది పుట్టుకతో వచ్చేది కాదు. యాభై దాటాక, ఎక్కువగా మగవాళ్లలో, ఎముక మూలుగలోని ఒక మూలకణంలో యూబీఏ1 అనే జన్యువు చెడుతుంది. దాని సంతతి తెల్లకణాలు రక్తంలో నిండుతాయి. నొప్పిగా ఉండే ఎర్రటి గడ్డలు, జ్వరం, చెవి మృదులాస్థిలో వాపు, రక్తహీనత. ఇలాంటివాళ్లు అప్పటిదాకా ఒక్కో డాక్టర్ దగ్గర ఒక్కో పేరుతో తిరిగారు. పరిశోధకులు లక్షణాల నుంచి మొదలుపెట్టకుండా వేలమంది జన్యు సమాచారంలో ఒకే చోట తేడా ఉన్నవాళ్లను వెతికి, 2020లో 25 మందితో ఈ జబ్బును బయటపెట్టారు. అనుకున్నంత అరుదు కాదని ఆ తర్వాతి లెక్కలు చెబుతున్నాయి. అరుదైన జబ్బుల్లో కొన్ని నిజంగా అరుదా, లేక కనిపెట్టడమే అరుదా అన్న అనుమానం నాకు ఇలాంటివి చదివినప్పుడల్లా వస్తుంది.

పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అనే పుండ్ల జబ్బులో ఒకే జన్యువంటూ దొరకలేదు. పేగుల్లో ఇన్‌ఫ్లమేషన్, కీళ్లవాతం ఉన్నవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. చిన్న పొక్కుగా మొదలై రోజుల్లో లోతైన పుండవుతుంది, అంచులు ఊదారంగులో లోపలికి తెగి ఉంటాయి. చూడగానే కుళ్లిన పుండులా ఉంటుంది కాబట్టి సర్జన్ చచ్చిన భాగం కోసి శుభ్రం చేద్దామనుకోవడం సహజం. అదే పెద్ద ప్రమాదం. ఈ జబ్బులో చర్మానికి తగిలే ప్రతి గాయం న్యూట్రోఫిల్స్‌కు కొత్త పిలుపే. కోసినకొద్దీ పుండు పెరుగుతుంది. ఆపరేషన్ కుట్ల దగ్గర, స్టోమా (మలం బయటికి పోవడానికి పొట్ట మీద చేసే రంధ్రం) చుట్టూ ఇలాంటి పుండు లేచి, యాంటీబయాటిక్‌కు లొంగకుండా, శుభ్రం చేసిన ప్రతిసారీ వెడల్పవుతుంటే ఈ పేరు ఎవరో ఒకరికి గుర్తు రావాలి.

గురిచూసి కొట్టే జబ్బులు

ఇప్పుడు రెండో వరస. దీనికి పెంఫిగస్ వల్గారిస్ అనే బొబ్బల జబ్బును మించిన ఉదాహరణ లేదు. చాలామందిలో మొదట నోట్లో పుండ్లు పడతాయి. కారం తగిలితే ప్రాణం పోతుంది, బ్రష్ చేస్తే రక్తం. నెలల తరబడి నోటిపూతే అనుకుని విటమిన్ మాత్రలు మింగుతారు. ఆ తర్వాత ఒంటి మీద పలుచటి బొబ్బలు లేచి, పట్టుకోగానే చితికి, పచ్చిగా మిగిలిపోతాయి. బాగున్నట్టు కనిపించే చర్మాన్ని వేలితో గట్టిగా పక్కకు రుద్దినా పైపొర జారి వచ్చేస్తుంది.

కారణం డెస్మోగ్లీన్లు. చర్మకణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ప్రొటీన్లివి. మూడో రకం చర్మంలో అడుగు వరసల్లోనూ నోటిలోపలి పొరలోనూ ఎక్కువ, ఒకటో రకం చర్మం పైవరసల్లో ఎక్కువ. పెంఫిగస్‌లో బీ కణాలు వీటి మీద యాంటీబాడీలు తయారుచేస్తాయి. మూడో రకం మీదే తయారైతే జబ్బు ప్రధానంగా నోటికి పరిమితమవుతుంది, ఒకటో రకం మీద కూడా తయారైతే చర్మానికి పాకుతుంది. స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాలో ఒక రకం వదిలే విషం కూడా ఇదే ఒకటో రకం డెస్మోగ్లీన్‌ను కోసి పసిపిల్లల చర్మాన్ని పొరలుగా ఊడదీస్తుంది. ఆ పిల్లలకు యాంటీబయాటిక్‌తో నయమవుతుంది. తెగింది ఒకటే ప్రొటీన్, తెంపినవాడు వేరు, కాబట్టి వైద్యమూ వేరు.

ఈ యాంటీబాడీలను 1964లో బ్యూట్నర్, జోర్డన్ అనే ఇద్దరు మొదటిసారి చూపించారు. ఒట్టి యాంటీబాడీ చాలు, ఇంకేమీ అక్కర్లేదనడానికి ప్రకృతే ఒక రుజువిస్తుంది. పెంఫిగస్ ఉన్న తల్లికి పుట్టే బిడ్డ కొన్నిసార్లు బొబ్బలతోనే పుడుతుంది. మాయ గుండా తల్లి యాంటీబాడీలు దాటడమే దానికి కారణం. బిడ్డ సొంతంగా వాటిని తయారుచేయదు కనుక, తల్లి నుంచి వచ్చినవి అరిగిపోగానే కొన్ని వారాల్లో బొబ్బలు మాయమవుతాయి.

దీన్ని నిర్ధారించే బయాప్సీలో ఒక చిన్న కిటుకుంది. రెండు ముక్కలు తీయాలి. కొత్త బొబ్బ అంచు నుంచి తీసిన ముక్క ఫార్మలిన్‌లో వెళుతుంది. బొబ్బ పక్కన బాగున్నట్టు కనిపించే చర్మం నుంచి తీసిన రెండోది ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు వెళుతుంది. దాన్ని ఫార్మలిన్‌లో వేస్తే పరీక్ష చెడిపోతుంది, దానికి వేరే ద్రవం ఉంటుంది. సరిగ్గా చేస్తే, చీకటి తెర మీద ప్రతి కణం చుట్టూ గీత గీసినట్టు పచ్చగా వెలుగుతుంది. యాంటీబాడీ ఎక్కడ అతుక్కుందో కళ్లారా చూడొచ్చు. రెండు ముక్కలూ ఒకే సీసాలో పడేసి పంపితే మళ్లీ మొదటికి రావాల్సిందే.

స్టెరాయిడ్లు రాకముందు పెంఫిగస్ వల్గారిస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది బతికేవారు కాదు. స్టెరాయిడ్లు వచ్చాక బతికారు కానీ పెద్ద డోసులు ఏళ్ల తరబడి మింగి ఎముకలు గుల్లబారడం, షుగర్, ఇన్ఫెక్షన్లతో అవస్థ పడ్డారు. బీ కణాలను తొలగించే రిటుక్సిమాబ్ ఈ కథను మార్చింది. 2017లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక పరీక్షలో 90 మందిని రెండేళ్లు గమనించారు. రిటుక్సిమాబ్‌తో పాటు తక్కువ కాలం స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 89 శాతం మంది రెండేళ్ల తర్వాత ఏ మందూ లేకుండా బొబ్బల్లేకుండా ఉన్నారు. స్టెరాయిడ్ ఒక్కటే వాడినవాళ్లలో 34 శాతమే. ఆ మరుసటి ఏడాది అమెరికా దీనికి అనుమతిచ్చింది.

టీ కణాలు గురిపెట్టే జబ్బుల్లో టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ అన్నిటికన్నా భయంకరం. అలన్ లయల్ 1956లో దీన్ని వర్ణించాడు. కొన్ని మందులు మొదలుపెట్టిన కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల లోపు జ్వరం, కళ్లమంట, నోట్లో పుండ్లు, ఆ వెంటనే చర్మం కాలిన గాయంలా పొరలుగా ఊడిపోవడం. మూర్ఛకు వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్, యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్, కొన్ని సల్ఫా మందులు ఈ జాబితాలో ముందుంటాయి. చనిపోయేవాళ్లు సుమారు ముగ్గురిలో ఒకరు. ఇక్కడ చర్మకణాలను చంపేది సీడీ8 అనే రకం టీ కణాలు. అవి వదిలే గ్రాన్యులైసిన్ అనే ప్రొటీన్ బొబ్బల నీటిలో మెండుగా ఉందని 2008లో తైవాన్ పరిశోధకులు చూపారు.

మందు లక్షలమంది వాడతారు, ఇది ఏ కొద్దిమందికో వస్తుంది. ఎందుకు? ప్రతి కణమూ తన లోపలి ముక్కలను టీ కణాలకు చూపించేందుకు హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్లు వాడుతుంది. ఇవి మనిషికీ మనిషికీ తేడాగా ఉంటాయి. వాటిలో హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే రకం ఉన్నవాళ్లలో కార్బమజెపిన్ వచ్చి దానికి అతుక్కుని, సొంత కణాన్నే పరాయిదానిలా చూపిస్తుంది. ఈ ముడిని 2004లో తైవాన్‌లో కనిపెట్టారు. ఆ తర్వాత అక్కడే 4,877 మందికి మందు మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేశారు. 7.7 శాతం మందిలో ఆ రకం ఉంది, వాళ్లకు వేరే మందు ఇచ్చారు. పాత లెక్కల ప్రకారం సుమారు 10 మందికి ఈ జబ్బు రావాల్సింది. ఒక్కరికీ రాలేదు. ఈ రకం ఆసియాలోని కొన్ని జనసమూహాల్లో ఎక్కువ, యూరప్ మూలాలున్నవాళ్లలో చాలా అరుదు కాబట్టి పరీక్ష అవసరం అందరికీ ఒకేలా ఉండదు.

2024లో ఇంకో అడుగు పడింది. పేషెంట్ల చర్మపు నమూనాల్లోంచి కణాలను రకాలవారీగా వేరుచేసి, ఒక్కో రకంలో ఏ ప్రొటీన్లు పెరిగాయో కొలిచారు. ఇంటర్‌ఫెరాన్ అనే సందేశ ప్రొటీన్, దాని వెనకే జాక్-స్టాట్ అనే సందేశాల దారి రగిలిపోతున్నట్టు కనబడింది. ఆ దారిని అడ్డుకునే మందులు కీళ్లవాతానికి ముందునుంచే ఉన్నాయి. ఏడుగురికి ఇస్తే ఏడుగురూ కోలుకున్నారు. ఏడుగురంటే చిన్న సంఖ్య, పెద్ద పరీక్షల్లో నిలబడితేనే నమ్మకంగా చెప్పగలం.

ఇమ్యూనిటీ పెంచుకోవాలా?

చుట్టాలు, పక్కవాళ్లు తెచ్చి ఇచ్చే పొడులు, "బూస్టర్" టానిక్‌లు ఈ జబ్బుల్లో ఎందుకు అర్థంలేనివో పైన చెప్పినదాన్ని బట్టే తెలుస్తుంది. ఐఎల్-36ను ఆపే పొడి లేదు, డెస్మోగ్లీన్ మీది యాంటీబాడీని మాత్రమే తగ్గించే కషాయమూ లేదు. పైగా కొన్నిటిలో గుట్టుగా స్టెరాయిడ్ కలిపి అమ్ముతుంటారు. జీపీపీ విషయంలో అది ఎంత చేటో ఇందాక చూశాం.

అణిచే మందులకూ వాటి ఖర్చు వాటికుంది. గొలుసులో ఒక్క లంకెనే ఆపే మందులైనా, ఆ లంకె క్రిములతో పోరాటంలో చేసే పని కూడా ఆగుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు లోపల నిద్రపోతున్న టీబీ ఉందేమో చాలామందికి చూస్తారు. రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే పాత వైరస్ మళ్లీ లేవొచ్చు. వీలైతే టీకాలు ముందే వేయించుకోవాలి. బీ కణాలు లేనప్పుడు వేసే టీకాకు యాంటీబాడీలు సరిగా పుట్టవు.

ఈ ఖర్చు తగ్గించే దారి వెతుకుతూ పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. రిటుక్సిమాబ్ మంచివీ చెడ్డవీ అని చూడకుండా బీ కణాలన్నిటినీ తీసేస్తుంది. వీళ్లు టీ కణాల మీద డెస్మోగ్లీన్-3 ముక్కను ఎరగా అమర్చారు. డెస్మోగ్లీన్ మీద యాంటీబాడీ తయారుచేసే బీ కణం మాత్రమే ఆ ఎరను పట్టుకుంటుంది, పట్టుకున్న వెంటనే టీ కణం దాన్ని చంపేస్తుంది. మిగతా బీ కణాల జోలికి పోదు. రక్తంలో ఇప్పటికే తిరుగుతున్న యాంటీబాడీలు ముందుగా ఎరకు అతుక్కుని పని చెడగొడతాయేమో అన్న భయం ఉండేది. ఎలుకల్లో అవి అడ్డుపడలేదు. ఆ పద్ధతి తర్వాత మనుషుల్లో తొలిదశ పరీక్షలకు వెళ్లింది.